కౌలు చేలో స్పోర్ట్స్ బైకు: బ్యూయెల్ ఎందుకు మూతపడింది, హీరో 250 ఎందుకు రాలేదు

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో, కాలవ గట్టు పక్కన, నేను బండి చూపించుకునే షెడ్డు ఒకటుంది. రేకుల కప్పు, ముందర బాదం చెట్టు. లోపల ఎప్పుడు చూసినా ఒకటో రెండో ఆర్‌ఎక్స్ 100 బళ్లు ఇంజన్ విప్పేసి ఉంటాయి. మొన్నీమధ్య నా స్ప్లెండర్‌కి క్లచ్ ప్లేట్లు మార్పించుకుంటూ కూర్చున్నాను. అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రాడు ఫోన్ తెచ్చి ఒక ఫోటో చూపించాడు. హీరో హెచ్‌ఎక్స్ 250ఆర్. 2014 ఆటో ఎక్స్‌పోలో పెట్టిన బండి. 250 సీసీ, ముప్ఫై దాటిన హార్స్‌పవర్, బరువు 139 కిలోలు.

"ఇది ఎందుకు రాలేదండి? ఇంత బాగుంది కదా!" అన్నాడు.

ఆ బండి చూపించిన ఏడాదికి వీడికి ఎనిమిదేళ్లు కూడా ఉండవు. అయినా రాని బండి గురించి బెంగ పెట్టుకున్నాడు. ఒక్క ముక్కలో చెప్పి పంపేద్దామనుకున్నాను కానీ కుదరలేదు. దానికి జవాబు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఈస్ట్ ట్రాయ్ అనే చిన్న ఊళ్లో ఉంది. అక్కడ ఒక మనిషి కట్టుకున్న బైకుల కంపెనీ పేర్లు మార్చుకుంటూ 2009లో, 2015లో, 2017లో మూడుసార్లు మూతపడింది. మూడుసార్లూ కారణం వేరు. కానీ మూడింటి అడుగునా ఉన్న తంటా ఒకటే, అది మన డెల్టాలో ఎవరికైనా చప్పున అర్థమయ్యేదే. సాగు బాగా చేశాడు, చేను మాత్రం తనది కాదు.

ఎరిక్ బ్యూయెల్ మొదట హార్లే-డేవిడ్‌సన్‌లో ఇంజనీరు. రేసుల పిచ్చి ఉన్నవాడు. 1983లో బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టాడు. మొదటి బండి ఆర్‌డబ్ల్యూ 750, రేసు కోసమే చేసిన టూ స్ట్రోక్ యంత్రం. అది ఒక దారికి వచ్చేసరికి అమెరికాలో ఆ తరగతి రేసులనే ఎత్తేశారు. బండి సిద్ధం, పందెం లేదు. ఇంకొకడైతే అక్కడే మానేసేవాడు. ఈయన పాత యజమాని దగ్గరికి వెళ్లి, అక్కడ వాడకుండా మిగిలిన ఎక్స్‌ఆర్ 1000 ఇంజన్లు తెచ్చుకుని వాటి చుట్టూ రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ బైకు కట్టాడు. కౌలు అక్కడ మొదలైంది.

1993లో హార్లే ఆ కంపెనీలో 49 శాతం వాటా కొంది. 1998లో దాదాపు మొత్తం, 2003కి పూర్తిగా తనదే చేసుకుంది. ఆ తర్వాత బోర్డు మీద బ్యూయెల్ పేరున్నా, కంపెనీలో ఆయన ఉద్యోగి.

ఆయన పనితనం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందానికి దానితోనే సంబంధం ఉంది. హార్లే స్పోర్ట్‌స్టర్ ఇంజన్ అంటే గాలికి చల్లబడేది, బరువైనది, పాత పద్ధతిలో పుష్‌రాడ్లతో నడిచేది. హైవే మీద తాపీగా డుగుడుగుమంటూ పోవడానికి పుట్టింది. దాన్ని పెట్టుకుని మలుపుల్లో జపాన్ బళ్లతో పోటీ పడాలంటే మిగతా ప్రతిచోటా బరువు తగ్గించాలి, ఉన్న బరువునంతా బండి నడుమ దగ్గరికి లాగాలి. అందుకని 2000 తర్వాత వచ్చిన ఎక్స్‌బీ బళ్లలో పెట్రోలు టాంకే తీసేశాడు. లావుపాటి అల్యూమినియం ఫ్రేము లోపలే పెట్రోలు పోశాడు. మనకి టాంకులా కనిపించేది గాలి పెట్టె మీద మూత. ఇంజన్ ఆయిల్‌ని వెనక చక్రం పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌లో పెట్టాడు. సైలెన్సరు పక్కకి రాకుండా ఇంజన్ కిందకి పోయింది.

ముందు బ్రేకు ఇంకా విచిత్రం. మామూలు బండికి డిస్కు చక్రం మధ్యన బిగించి ఉంటుంది. బ్రేకు కొడితే ఆ బలమంతా మధ్య నుంచి పుల్లల గుండా రిమ్ముకి చేరాలి, కాబట్టి పుల్లలు గట్టిగా, బరువుగా ఉండాలి. ఈయన డిస్కుని తీసుకెళ్లి రిమ్ము అంచుకే తగిలించాడు. బలం నేరుగా రిమ్ముకి వెళుతుంది, పుల్లలు సన్నగా ఉన్నా చాలు, రెండు డిస్కుల చోట ఒకటి చాలు. చక్రం తేలికయింది. నేను బ్యూయెల్ నడపలేదు, మన వైపు అది చూసినవాళ్లే అరుదు. బొమ్మలో చూస్తే మాత్రం ఎడ్లబండి చక్రానికి పట్టా వేసినట్టు ఉంటుంది.

ఇంత చేసినా స్పోర్ట్స్ బైకు కొనేవాడు ముందు చూసేది హార్స్‌పవర్ అంకె. ఆ అంకె దగ్గర స్పోర్ట్‌స్టర్ ఇంజన్ ఎప్పుడూ తలొంచుకునే ఉండేది. 2007లో ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ తయారుచేసిన నీటితో చల్లబడే ఇంజన్‌తో 1125ఆర్ వచ్చింది. 146 హార్స్‌పవర్. మొదట్లో ఇంధనం సరఫరాలో తడబాట్లు, వేడి ఎక్కువన్న ఫిర్యాదులు ఉన్నాయి. తర్వాత సర్దుకుంది. 2009లో డానీ ఎస్లిక్ అనే రేసరు దాని మీద అమెరికా డేటోనా స్పోర్ట్‌బైక్ చాంపియన్‌షిప్ గెలిచాడు. పాతికేళ్ల కష్టానికి పంట చేతికొచ్చిన ఏడాది అది.

ఆ ఏడాదే, అక్టోబర్ 15న, బ్యూయెల్‌ని మూసేస్తున్నట్టు హార్లే ప్రకటించింది. నెలాఖరుకి చివరి బండి బయటికొచ్చింది. మొత్తం కలిపి 1,36,923 బళ్లు. మూసివేత గురించి ఎరిక్ బ్యూయెల్ గొంతు పూడుకుపోతూ మాట్లాడిన వీడియో ఇప్పటికీ బైకుల వాళ్లు చూస్తుంటారు. చిత్రమేమిటంటే ఆ జులైలో వాళ్లు బ్లాస్ట్ అనే తమ చిన్న బండిని ఆపేస్తూ, ఒక బండిని నలగ్గొట్టి ఇనప దిమ్మలా చేసి, దాని ఫోటోతో సరదాగా ప్రకటన ఇచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి కంపెనీ గతే అలా అయింది.

రేసు గెలిచిన ఏడాదే ఎందుకు మూసేశారు? ఇది అర్థం కావాలంటే బండిని వదిలేసి కాలవ వైపు చూడాలి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పుష్కలంగా ఉన్నంతకాలం శివారు చేలకీ తడి అందుతుంది. దాళ్వాలో నీరు తగ్గిందనుకోండి, వంతులు పెడతారు. అప్పుడు శివారువాడు పంట ఎంత బాగా పెంచాడన్నది ఎవరూ చూడరు. తూము ఎక్కడుందన్నదే లెక్క. హార్లేకి 2008-09 అలాంటి దాళ్వా.

హార్లే బళ్లు అమ్ముకోవడమే కాదు, కొనేవాళ్లకి సొంత ఫైనాన్స్ కంపెనీ ద్వారా అప్పులూ ఇచ్చేది. ఆ అప్పులని మార్కెట్లో అమ్ముకుని మళ్లీ డబ్బు తెచ్చుకునేది. 2008లో అమెరికా బ్యాంకులు కుప్పకూలేసరికి ఆ దారి మూసుకుపోయింది. 2009 మొదట్లో వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ దగ్గర 30 కోట్ల డాలర్లు, ఇంకో పెట్టుబడి సంస్థ దగ్గర 30 కోట్లు తెచ్చుకుంది. వడ్డీ 15 శాతం. మన లెక్కలో రూపాయి పావలా వడ్డీ! మనకి ఇది వింత కాదు, ఇక్కడ రెండు రూపాయల వడ్డీకి తెచ్చి రొయ్యల చెరువు వేసినవాళ్లున్నారు. కానీ అమెరికాలో పేరున్న కంపెనీ ఆ వడ్డీకి ఒప్పుకుందంటే పీక మీదకి ఎంత వచ్చిందో చూడండి. 2006లో మూడున్నర లక్షల దగ్గరున్న హార్లే బళ్ల అమ్మకాలు 2009కి రెండు లక్షల పాతిక వేలకి పడిపోయాయి. బ్యూయెల్ మూసివేత ప్రకటించిన రోజే వాళ్లు చెప్పిన మూడు నెలల లాభం, అంతకుముందు ఏడాదితో పోలిస్తే 84 శాతం తక్కువ.

ఆ మేలో కీత్ వాండెల్ అనే కొత్త పెద్ద వచ్చాడు. మోటర్‌సైకిళ్ల ప్రపంచం నుంచి వచ్చినవాడు కాదు, లెక్కలు చూసే మనిషి. అసలు చేను తడపాలంటే శివారు తూములు కట్టేయాలన్నాడు. కట్టేసిన తూములు రెండు. ఒకటి బ్యూయెల్. రెండోది ఇటలీ కంపెనీ ఎంవీ అగుస్తా. దాన్ని సరిగ్గా ఏడాది ముందే, 2008లో, దాదాపు 11 కోట్ల డాలర్లు పోసి కొన్నారు. దాన్ని 2010లో పాత యజమానికే నామమాత్రపు ధరకి తిరిగి ఇచ్చేశారు. బ్యూయెల్ మూయడానికే పన్నెండున్నర కోట్ల డాలర్లు ఖర్చవుతుందని హార్లే అప్పట్లో అంచనా వేసింది. నడపడం కన్నా అంత ఖర్చు పెట్టి ఆపడమే నయం అనుకున్నారంటే వాళ్ల మనసులో ఆ కంపెనీకి ఎంత చోటుందో తెలుస్తుంది.

మూసే బదులు అమ్మేయొచ్చుగా అని అడిగాడు మా కుర్రాడు. అడగాల్సిన ప్రశ్నే. కౌలు తిప్పలు ఇక్కడే బయటపడతాయి. బ్యూయెల్ దగ్గర సొంతంగా ఏముంది? ఎక్స్‌బీ ఇంజన్ హార్లేది. 1125 ఇంజన్ ఆస్ట్రియా వాళ్లది. షోరూములు హార్లే డీలర్లవి. స్పేర్ పార్టుల గోడౌన్లు, వారంటీ, కొనేవాళ్లకి అప్పు, అన్నీ హార్లే వ్యవస్థలో అల్లుకుపోయినవే. వాటిలోంచి బ్యూయెల్‌ని పీకి ఇంకొకరి చేతిలో పెడితే మిగిలేది ఈస్ట్ ట్రాయ్‌లో ఒక షెడ్డు, నూట ఎనభై మంది మనుషులు, కొన్ని డిజైన్లు. దాన్ని కొన్నవాడు మర్నాటి నుంచి హార్లే షోరూము పక్కనే పోటీ బండి అమ్ముతాడు. ఏ ఆసామి అయినా తన గట్టు పక్కనే ఆ పని చేయనిస్తాడా?

షోరూముల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. నా ఉద్దేశంలో బ్యూయెల్‌ని లోపల్లోపల తినేసింది అదే. హార్లే షోరూముకి వచ్చేది తోలు జాకెట్టు, క్రోము మెరుపు, ఆ చప్పుడు కావాలనుకునే మనిషి. మలుపులో మోకాలు రోడ్డుకి తగిలేలా పడుకోబెట్టాలనుకునే కుర్రాడు ఆ గుమ్మం తొక్కడు. పట్టుచీరల కొట్టులో ఒక మూల జీన్సు పాంట్లు పెట్టినట్టు. సేల్స్‌మన్‌కి కూడా పట్టుచీర అమ్మితేనే కమిషను ఎక్కువ, ఆ మూలకి ఎవర్నీ తీసుకెళ్లడు.

ఇప్పుడు చిన్న కంపెనీల అసలు లెక్క ఒకటి చెప్పాలి. ఊహకి ఒక అంకె వేసుకుందాం. కొత్త మోడల్ డిజైన్, అచ్చులు, పరీక్షలు, పొగ పరిమితుల అనుమతులు అన్నీ కలిపి 100 కోట్ల రూపాయలు అయిందనుకోండి. ఆ బండి ఐదు వేలు అమ్మితే ఒక్కో బండి మీద రెండు లక్షలు ఆ ఖర్చే పడుతుంది. పది లక్షలు అమ్మితే బండికి వెయ్యి రూపాయలు. చిన్న కంపెనీ ఎంత పొదుపుగా ఉన్నా ఈ తేడాని మేస్త్రీల జీతాల్లో, నట్లు బోల్టుల్లో పూడ్చుకోలేదు. హీరో 2012 ప్రాంతంలో ఏడాదికి అరవై లక్షల పైచిలుకు బళ్లు అమ్మేది. బ్యూయెల్ పాతికేళ్లలో చేసిన బళ్లన్నీ హీరోకి ఎనిమిది రోజుల పని. అందుకే చిన్న కంపెనీలు ఇంజన్ కౌలుకి తెచ్చుకుంటాయి, షోరూము కౌలుకి తెచ్చుకుంటాయి. కౌలు తెచ్చుకోకపోతే బతకవు, తెచ్చుకుంటే చెప్పుచేతల్లో ఉండాలి. ఇందులో ఎరిక్ బ్యూయెల్ తెలివితక్కువతనం ఏమీ లేదు. మరో దారి ఆయనకి కనిపించలేదు, నాకూ కనిపించడం లేదు.

ఇక రెండో అంకం. ఇందులో మనవాళ్లు వస్తారు.

హార్లే మూసేసిన నెలకే ఎరిక్ బ్యూయెల్ రేసింగ్ అని కొత్త కంపెనీ పెట్టాడాయన. క్లుప్తంగా ఈబీఆర్. బ్యూయెల్ అన్న పేరు హార్లే సొత్తయిపోయింది కాబట్టి తన ఇంటిపేరుతో బండి అమ్మాలంటే ముందు ఎరిక్, వెనక రేసింగ్ తగిలించుకోవాల్సి వచ్చింది. అదే రోటాక్స్ ఇంజన్ ఆధారంగా 1190 సీసీ బళ్లు తయారుచేశాడు. మొదట వంద బళ్లే అని చెప్పి ఖరీదైన 1190ఆర్‌ఎస్, తర్వాత మామూలు జనానికి 1190ఆర్‌ఎక్స్. అది 185 హార్స్‌పవర్, ధర 18,995 డాలర్లు.

అదే సమయంలో ఇక్కడ హీరోకి ఇంకో కష్టం వచ్చింది. 1984 నుంచి కలిసి కాపురం చేసిన హోండాతో 2010 డిసెంబర్లో విడిపోయింది. స్ప్లెండర్ లోపలి ఇంజన్ పరిజ్ఞానం అంతా హోండాది. మన గోదావరి జిల్లాల్లో పాల కేన్ల వాడి దగ్గర్నుంచి ఎల్ఐసీ ఏజెంటు దాకా అందరూ నడిపే బండి, తయారుచేసే కంపెనీ చేతిలో సొంత విద్య తక్కువ. అంటే హీరో కూడా ఒక రకం కౌలుదారే, కాకపోతే వెయ్యి ఎకరాల కౌలుదారు. కాబట్టి విద్య ఉండి డబ్బు లేని ఈబీఆర్, డబ్బు ఉండి విద్య కావలసిన హీరో 2012లో చేతులు కలిపాయి. 2013 జులైలో హీరో రెండున్నర కోట్ల డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 150 కోట్ల రూపాయలు పెట్టి 49.2 శాతం వాటా తీసుకుంది.

2014 ఆటో ఎక్స్‌పోలో ఆ స్నేహం ఫలం చూపించారు. హెచ్‌ఎక్స్ 250ఆర్, 620 సీసీ హాస్టర్ అనే నమూనా. వాటితోపాటు ఈబీఆర్ చెయ్యి పడిన కొత్త కరిజ్మా కూడా. ఆ కరిజ్మా ముఖం చూసి పాత కరిజ్మా అభిమానులు పెట్టిన శోకాలు నాకింకా గుర్తు. మా వీధిలో 2003 మోడల్ ఉన్న ఒకాయన, "దాన్ని పాడుచేశారండి, పాడుచేసేశారు!" అని టీ కొట్టు దగ్గర వారం రోజులు అన్నాడు.

ఈబీఆర్ మాత్రం అదే ఏడాది ప్రపంచ సూపర్‌బైక్ రేసుల్లోకి దిగింది. ఆ రేసులకి అయ్యే ఖర్చు పెద్ద కంపెనీలకే చుక్కలు చూపిస్తుంది. షోరూములు ఈసారి సొంతంగా వెతుక్కోవాలి. 18,995 డాలర్లు ఉన్నవాడికి అదే ధరలో పేరున్న ఇటలీ, జపాన్ బళ్లు పక్క షోరూములో దొరుకుతున్నాయి. వాటి కంపెనీ పదేళ్ల తర్వాత ఉంటుందా అన్న బెంగ కొనేవాడికి లేదు. ఒకసారి మూతపడిన కంపెనీకి ఆ అనుమానమే పెద్ద శత్రువు. కొననందువల్ల మూతపడుతుంది, మూతపడుతుందేమోనని కొనరు.

2015 ఏప్రిల్ 15న ఈబీఆర్ తలుపులు మూసింది. రావలసిన పెట్టుబడి ఒకటి ఆఖర్లో తప్పిపోయిందని బ్యూయెల్ చెప్పాడు. అప్పులు రెండు కోట్ల డాలర్ల పైమాటే. వాళ్లు చేసింది మన భాషలో ఐపీ పెట్టడం. చీటీలు కట్టించుకున్న ఆసామి ఐపీ పెట్టేశాడంటే ఆ వీధిలో అరుగులు ఎలా మూగబోతాయో మనకి తెలుసు. కాకపోతే అక్కడ విస్కాన్సిన్ చట్టం ప్రకారం కోర్టు ఒక రిసీవర్‌ని పెడుతుంది. ఆస్తులన్నీ ఆయన చేతికి వెళతాయి, అమ్మి వచ్చినదాన్ని వరసలో పంచుతారు. తనఖా ఉన్నవాళ్లు ముందు. సరుకు అరువిచ్చిన చిన్న సప్లయర్లు బాగా వెనక. వాటాదారులు అందరికన్నా చివర, అంటే దాదాపు ఖాళీ చేతులు. హీరో ఆ చివరి వరసలో ఉంది, పెట్టిన పెట్టుబడిని నష్టంగా రాసుకుంది.

అయితే హీరో అంతటితో లేచి వెళ్లలేదు. ఇది నాకు ఈ కథలో బాగా నచ్చిన చోటు. ఆటో ఎక్స్‌పోలో చూపించిన బళ్ల డిజైన్లు, లెక్కలు, పరీక్షల కాగితాలు ఈబీఆర్ కన్సల్టింగ్ విభాగంలో ఉన్నాయి. రిసీవర్ దగ్గర ఆ భాగాన్ని 28 లక్షల డాలర్లకి కొనుక్కుంది. ట్యూషన్ మాస్టారు ఊరు వదిలేస్తే, ఫీజు ఎలాగూ పోయింది, నోట్సు అయినా తెచ్చుకుందామన్నట్టు. మిగతా ఫ్యాక్టరీ, మిషన్లు, సగం చేసిన బళ్లు మొదటి వేలంలో ఒకాయనకి ఖాయమై తప్పిపోయి, చివరికి 2016 జనవరిలో లిక్విడ్ అసెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థకి 20 లక్షల 50 వేల డాలర్లకి దక్కాయి. రెండూ కలిపితే అరకోటి డాలర్లు కూడా లేదు. రెండు కోట్ల పైన అప్పుకి ఆ సొమ్ము. తయారీ కంపెనీ నడుస్తున్నంతసేపే దాని మిషన్లకి విలువ. ఆగిన రైస్ మిల్లుని అమ్మబోతే ఇనుము రేటు ఎంత అని అడిగినట్టే.

లిక్విడ్ అసెట్ వాళ్లు పాత సామాను అమ్ముకునే వ్యాపారులు. అయినా ముచ్చటపడి 2016లో కొన్నాళ్లు బళ్లు తయారుచేయించారు. అమ్మకాలు సరిపోక 2017 జనవరిలో ఆపేశారు. అది మూడో మూత. 2021లో వాళ్లే బ్యూయెల్ అన్న పేరు సంపాదించి మిషిగన్ రాష్ట్రంలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ పేరుగల మనిషి అందులో లేడు. ఆయన ఫ్యుయెల్ అని కరెంటు బళ్ల కంపెనీతో కలిశాడు, అదీ 2024లో దివాలా తీసింది.

హెచ్‌ఎక్స్ 250ఆర్ ఎందుకు రాలేదో ఇప్పుడు కుర్రాడికి సగం తెలిసినట్టే. డిజైన్ కాగితాలు చేతికొచ్చినా, ఆ బండిని ఫ్యాక్టరీ దాకా నడిపించాల్సిన మనుషులు చెదిరిపోయారు. నమూనా బండికీ, లక్ష బళ్లు తీసే లైనుకీ మధ్య రెండు మూడేళ్ల పని ఉంటుంది. ఆ పనిని ఇంకొకరి కాగితాల మీద మొదలుపెట్టే కన్నా సొంత బడి కట్టుకోవడం మేలనుకుంది హీరో. బీఎండబ్ల్యూలో పనిచేసిన ఇంజనీరుని తెచ్చుకుంది, జైపూర్ దగ్గర 2016లో పెద్ద పరిశోధన కేంద్రం తెరిచింది. 250 సీసీ స్పోర్ట్ బండి ఎక్స్‌ట్రీమ్ 250ఆర్ రావడానికి 2025 అయింది. పదకొండేళ్లు!

షెడ్డు యజమాని, మేమంతా బాబాయ్ అనే ఆయన, ఇదంతా వింటూ నా క్లచ్ కవర్ బిగిస్తున్నాడు. ఆయనకి కంపెనీల కథలు పట్టవు. "మూసేస్తే మూసేశారండి, కొన్నోళ్ల సంగతేంటి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి సగం జవాబు ఆయన షెడ్డులోనే ఉంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. యెజ్డీ చేసిన మైసూరు ఐడియల్ జావా కూడా అదే ఏడాది మూతపడింది. ముప్ఫై ఏళ్లయినా కోనసీమ గట్ల మీద ఆర్‌ఎక్స్ తిరుగుతోందంటే కారణం అది లక్షల్లో అమ్ముడుపోవడం, లోపల సంగతులు సాదాగా ఉండడం. పిస్టన్ అరిగితే బోరింగ్ చేసే లేత్ ఉంది. కేబులు, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు కంపెనీవి దొరక్కపోతే లోకల్ మాలు దొరుకుతుంది. ఉప్పుగాలికి సైలెన్సరు చిల్లుపడితే గ్యాస్ వెల్డింగ్ ఉండనే ఉంది. బండిని బతికించేది కంపెనీ కన్నా ఎక్కువగా దాన్ని నమ్ముకుని బతికే ఈ పార్టుల కొట్లూ లేతులూనూ.

బ్యూయెల్ తెలివే ఇక్కడ దానికి శాపం. రిమ్ము అంచుకి తగిలించే ఆ డిస్కు ప్రపంచంలో మరే బండికీ సరిపోదు. పెట్రోలు పోసే ఫ్రేముకి గీత పడితే ఏ వెల్డింగ్ వాడూ చెయ్యి పెట్టడు, పెట్టకూడదు కూడా. ఒక్కో భాగాన్ని రెండు మూడు పనులకి వాడుకున్నందువల్ల బరువు తగ్గింది నిజమే, కానీ ఒకటి పాడైతే రెండు మూడు పనులూ ఆగుతాయి. దీనికి కౌలు పుణ్యమా అని ఒక ఊరట ఉంది. ఎక్స్‌బీ ఇంజన్ మూలం హార్లే స్పోర్ట్‌స్టర్‌ది కాబట్టి ఇంజన్ లోపలి సామాను చాలాకాలం దొరికింది, పార్టులు, వారంటీ ఆపబోమని హార్లే కూడా మూసేటప్పుడే చెప్పింది. ఈబీఆర్ కొన్నవాళ్ల వెనక అలాంటి పెద్దదిక్కు లేదు.

కేటీఎం గురించి కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది, వాళ్ల అన్నయ్యకి డ్యూక్ ఉంది. 2024 నవంబర్లో ఆస్ట్రియాలో కేటీఎం దివాలా కోర్టుకెక్కినప్పుడు భీమవరం నుంచి అమలాపురం దాకా డ్యూకులున్న పిల్లలంతా కంగారుపడ్డారు. అది వేరే లెక్క. చిన్న డ్యూకులు తయారయ్యేది పుణె పక్కన చాకన్‌లో, బజాజ్ ఫ్యాక్టరీలో. బజాజ్ 2007 నుంచి అందులో వాటాదారు. హీరోకి ఈబీఆర్ ట్యూషన్ లాంటిదైతే, బజాజ్‌కి కేటీఎం సొంత వ్యాపారంలో భాగం. వదిలేస్తే తన ఫ్యాక్టరీ లైనే ఆగుతుంది. అందుకే 2025లో 80 కోట్ల యూరోలు సమకూర్చి నిలబెట్టింది. అప్పిచ్చినవాళ్లు నూటికి ముప్ఫై తీసుకుని సరిపెట్టుకున్నారు. ఐపీ పెట్టిన చోట నూటికి ముప్ఫై వస్తే మనవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొడతారు.

హార్లే సంగతి మర్చిపోయాం. బ్యూయెల్‌ని మూసిన ఆ హార్లేనే 2020లో హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీ మూసేసి మన దేశంలో సొంత వ్యాపారం చాలించుకుంది. అప్పుడు దాని బళ్లు అమ్మిపెట్టడానికి ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? హీరో. 2023లో వచ్చిన హార్లే ఎక్స్ 440 తయారయ్యేది రాజస్థాన్‌లో హీరో వాళ్ల నీమ్రానా ఫ్యాక్టరీలో. చేను ఎవరిదో, కౌలు ఎవరిదో ఇప్పుడు చెప్పడం కష్టం.

బాబాయ్ బండి స్టార్ట్ చేసి, క్లచ్ రెండుసార్లు నొక్కి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కుర్రాడు ఇంకా ఫోన్‌లో ఎక్స్‌బీ బొమ్మలు తిప్పుతున్నాడు. బాబాయ్ ఒకసారి తొంగి చూశాడు.

"చైన్ కనబడట్లేదేంట్రా?"

"చైన్ ఉండదు బాబాయ్, బెల్టు."

"తెగితే?"

కుర్రాడు నా వైపు చూశాడు. నేను రెండొందలు తీసి బాబాయ్ చేతిలో పెట్టాను.